పిల్లి సాక్ష్యం

"ఒక్క మాట నిజం చెప్పమ్మా. ఈ బండి ఎప్పుడైనా చేపలు తోలిందా?"

గోవర్ధనరావు ఈ మాట అడగడం ఇది మూడోసారి. నాగమల్లేశ్వరి కొంగు నడుముకి బిగించి, మినీ వ్యాన్ డోరు మీద చెయ్యేసి నిలబడింది.

"తొమ్మిదేళ్ళు నేనే తోలానండీ దీన్ని. అరటి గెలలు, ధాన్యం బస్తాలు, వేసవిలో కొబ్బరి బోండాలు. చేప అన్నది ఎక్కలేదు. ఎన్నిసార్లు అడిగినా ఇదే మాట అన్నయ్యగారూ."

అవనిగడ్డ దాటాక కాలవ గట్టు పక్కనే ఆమె ఇల్లు. బండి ఇంజిన్ పట్టేసి ఆరు నెలలైంది. తుక్కు కొనేవాళ్ళు తప్ప ఇంకెవరూ అడగలేదు.

గోవర్ధనరావుకి మాత్రం ఇంజిన్‌తో పని లేదు. గుడివాడలో షాపులకి మంచినీళ్ళ క్యాన్లు వేసే మనిషి. డీజిల్ పోయలేక, ఒక పాత బండి కొని, ఇంజిన్ పీకించి, కరెంటు బండిగా మార్పిద్దామని బయల్దేరాడు. కావలసిందల్లా బ్యాటరీల బరువు మొయ్యగల గట్టి చాసిస్, అంటే అడుగున ఉండే ఇనుప చట్రం. చేపలు తోలిన బండికి అదే ఉండదు. ఐసు కరిగి, ఉప్పునీళ్ళు కారి కారి లోపల్నించి ఇనుముని తుప్పు తినేస్తుంది. పైన రంగేస్తే కంటికి ఆనదు. కూడబెట్టిందంతా ఒక్క బండి మీదే పెడుతున్నాడు. ఇది తప్పితే ఇంకోటి కొనే ఓపిక లేదు.

వెంట వచ్చిన మెకానిక్ తాహిర్ బండి కిందకి దూరాడు. మార్చే పని చెయ్యాల్సింది అతనే. సుత్తితో ఈ చివర నుంచి ఆ చివరికి కొట్టుకుంటూ వెళ్ళాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్.

"గుడి గంటలా మోగుతోంది బాబాయ్!" కింద నుంచే అరిచాడు. "నిన్న గుడివాడలో చూసిన బండి గుర్తుందా? ఇంజిన్ బ్రహ్మాండం, చాసిస్ నిండా అతుకులు. మనకి ఇదే బండి. కళ్ళు మూసుకుని తీసుకో."

గోవర్ధనరావు కళ్ళు మూసుకునే రకం కాదు. స్టీరింగ్ చూస్తానని క్యాబిన్ ఎక్కాడు. పొద్దున బందర్లో వాళ్ళక్క రామలక్ష్మ ఇచ్చిన, ఇంకా విప్పైనా చూడని సంచి మోకాళ్ళకి అడ్డమొస్తే దాన్ని సీటు వెనక్కి తోసి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పాడు. బ్రేకు తొక్కాడు. అద్దం సరిచేసి, అందులో చూసుకుని తల కూడా దువ్వుకున్నాడు.

"సరేనమ్మా, ఖాయం చేసుకుందాం" అంటూ దిగాడు.

నాగమల్లేశ్వరి మొహం విప్పారింది. గబగబా లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది. రెండు రోజులుగా ముక్కు దిబ్బడ వేసి ఉన్నా, ఎండకి కాదనలేక గ్లాసు అందుకున్నాడు గోవర్ధనరావు.

అప్పుడు లేచింది పిల్లి.

అంతదాకా గోడ మీద బద్ధకంగా పడుకున్న బూడిదరంగు పిల్లి. ముక్కెగరేసి గాలి పీల్చింది. దూకి, తిన్నగా బండి కిందకి వెళ్ళి, తోక నిలబెట్టి, పైకి చూస్తూ మ్యావ్‌మంది. పక్కింటి వైపు నుంచి ఇంకోటి పరిగెత్తుకొచ్చి దానికి తోడైంది.

గ్లాసు గోవర్ధనరావు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఏంటమ్మా అది?"

"పిల్లండీ."

"పిల్లని నాకూ తెలుసు. దానికి నీ బండి కింద పనేంటి?"

"నీడకి చేరిందేమోనండీ."

"నీడకి చేరింది పడుకుంటుంది గానీ, పైకి చూసి అరుస్తుందా?"

తాహిర్ చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "పదిహేనేళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నాను బాబాయ్. నా సుత్తి కంటే పిల్లి మాట ఎక్కువైపోయిందా నీకు?"

"నీ సుత్తి పొరపాటు పడొచ్చు. మనిషి అవసరం కొద్దీ అబద్ధమాడొచ్చు. పిల్లికి ఆ అవసరమేముంది?"

ఆ మాటకి నాగమల్లేశ్వరి ఒక్క క్షణం నేల చూపులు చూసింది. తరవాత తలెత్తి సూటిగా అతన్నే చూసింది.

"నమ్మకం లేకపోతే వద్దులెండి. తుక్కు కింద ఇచ్చుకుంటాను గానీ, అబద్ధం చెప్పి అమ్ముకోను. మజ్జిగ తాగి వెళ్ళండి. ఎండగా ఉంది."

అతను గ్లాసు గట్టు మీద పెట్టేసి బైకు ఎక్కాడు.

ఇద్దరూ పామర్రు చేరారు. సెంటర్లో టీ కొట్టు దగ్గర బైకు ఆపి, గోవర్ధనరావు గుడివాడ బండి యజమానికి ఫోన్ చేశాడు. బేరం తెగింది. అక్కడికక్కడే అడ్వాన్సు కూడా ఫోన్లోనే పంపేశాడు.

"ఆ అతుకుల సంగతేంటి బాబాయ్?" అన్నాడు తాహిర్ నీరసంగా.

"వెల్డింగ్ పెట్టించుకుందాం. కనపడే లోపం నయం, దాచిన లోపం కంటే." టీ ఊదుకున్నాడు. "ఆవిడ మొహం చూస్తే మాత్రం నాకూ కష్టంగానే ఉంది రా. నమ్మాలనే అనిపించింది. కానీ నోరులేని జీవం అబద్ధమాడదు కదా."

"ఆడదు" అన్నాడు తాహిర్. "మనకి అర్థమవ్వాలి, అంతే."

గోవర్ధనరావు ఫోన్ మోగింది. తెర మీద నాగమల్లేశ్వరి నంబరు.

"చూశావా? రేటు తగ్గిస్తానంటుంది చూడు" అని కన్నుగీటి, తాహిర్ కూడా వినాలని స్పీకర్ పెట్టాడు.

"అన్నయ్యగారూ, మీ సంచి మా బండి సీటు వెనకాలే మర్చిపోయారండీ. డోరు తియ్యగానే పిల్లి దూరి కవరు చింపేసింది. ఎండు రొయ్యలు సగమే మిగిలాయి, జాగ్రత్త చేశాను, వచ్చి తీసుకెళ్ళండి."