పర్లపెట్ట గంపలో తెల్లగుడ్లు

మనుషులు జన్యువులు దిద్ది పుట్టించిన మేలుజాతి కోళ్లు దొడ్డిని ఏలుతున్న రోజులవి. నాటుకోడి పర్లపెట్ట గుడ్లు పొదుగుతూ, మేతకని కాసేపు గంప దిగింది. తిరిగొచ్చేసరికి తన గోధుమరంగు గుడ్లు లేవు. అన్నీ తెల్లగా, ఒకే అచ్చులో పోసినట్టున్నాయి.

"పాము మింగుంటుందిలే," అంది మేలుజాతి పెద్ద వజ్రాంగి.

"మింగిన పాము బదులు గుడ్లు పెట్టెళ్తుందా అమ్మగారూ?"

పర్లపెట్ట దొడ్డంతా గాలించింది. గుడ్లు పెంటకుప్ప పక్కన దొరికాయి, చల్లబడి చచ్చిపోయి. చుట్టూ ఆరువేళ్ల కాలిగుర్తులు. ఆ దొడ్లో ఆరువేళ్లున్నది వజ్రాంగికే.

"నా పిల్లల్ని చంపావా?"

"అరవకే! పొదిగే గుణం తీసేసి మమ్మల్ని గొప్పగా చేశారు. మా పిల్లల్ని పొదగడం నీ అదృష్టం."

పర్లపెట్ట దాని జుట్టు కరిచి గంపదాకా ఈడ్చుకొచ్చింది.

"కూర్చో. ఇరవయ్యొక్క రోజులు. లేచావో, పొడిచేస్తా!"