మొదటి ముద్ద

ఐరాల దాటినాక ఆదికేశవులు కారు టైరు పంచరయ్యింది.

"కొంచేపు పడుతుంది సామీ," అన్నాడు పంచరు షాపు మునిప్రసాద్. "పక్కనే నాగరత్నమ్మవ్వ సంగటి కొట్టుండాది. నీడన కూచోండి."

ఆదికేశవుల్ని ఆ చుట్టుపక్కల ఎరగనోళ్లు లేరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు. కాణిపాకం పోయే భక్తులకు అన్నదానం చేసే మారాజు. ప్రతి మలుపులోనూ ఫ్లెక్సీ, అందులో దండం పెడతా ఆయన నవ్వు మొహం.

ఎరగంది ఒకటుండాది.

పాకాల కాడ మామిడి తోపు ఇద్దరిదిగా ఉన్న రోజుల్లో, భాగస్తుడు బాలాజీ మోటారు బాగుచేస్తానని ఫ్యూజు పీకి ఈయన చేతికే ఇచ్చినాడు. అతను తీగ పట్టుకోంగానే ఈయన ఫ్యూజు మళ్లీ పెట్టేసినాడు. పాపం, కరెంటు కొట్టి పోయినాడన్నారు జనం. తోపంతా ఈయనదయ్యింది. శవాన్ని చూసేదానికి మాత్రం కాళ్లు రాలేదు.

ఆ పొద్దు నుంచి నోటికి రుచి తెలీదు. వెండి కంచంలో తిన్నా మన్ను తిన్నట్టే. లోపలంతా ఖాళీ కుండ.

"ఏం నాయనా, సంగటి పెట్టేదా?"

"ఆకలి లేదవ్వా."

ముసలామె ఆయన మొహాన్ని కొంచేపు చూసింది. చేతిలో తెడ్డు కదల్లేదు.

తర్వాత కుండలోంచి వేడి ముద్ద తీసి, ఆకులో పెట్టి చేతికిచ్చింది.

"ముందు ఇది ఆ గోడ మింద కాకికి పెట్టి రా."

"నేనా?"

"చేతులుండాయి కదా!"

ఆయన్ను ఇట్లా గదమాయించేవాళ్లు లేక ఎన్నేండ్లయ్యిందో. నవ్వొచ్చింది. ముద్ద పెట్టి వెనక్కి తిరిగేలోపలే కాకి వాలి ఎత్తుకుపోయింది.

అవ్వ కొంగుతో కండ్లు తుడుచుకుంది.

"ఏమయ్యిందవ్వా?"

"పొగ నాయనా. కూచో."

సంగటి తుంచి శెనక్కాయల ఊరిబిండిలో అద్ది మింగినాడు. కారం సుర్రుమనింది. అబ్బా! నోటికి ప్రాణమొచ్చింది. ఇంకో ముద్ద అడిగినాడు. ఆపైన ఇంకోటి.

"మెల్లగా తిను. ఎవురూ లాక్కోరు," అని నవ్వింది అవ్వ.

ఆ రాత్రి పసిబిడ్డ మాదిరి నిద్రపోయినాడు.

అప్పట్నుంచి మధ్యాహ్నమైతే చాలు, కారు ఐరాల దోవ పట్టేది. ముందు కాకికి ముద్ద, తర్వాత తన కడుపుకు సంగటి, నంజుకునేదానికి అవ్వ తిట్లు. ఉప్పెక్కువయ్యిందంటే "పోయి నీ పెండ్లాంతో చెప్పుకో" అనేది. ఆయనకు అంత హాయి ఇంకెక్కడా దొరకలేదు.

ఒక పొద్దు ఉండబట్టలేక అన్నాడు.

"అవ్వా, నేనొక పాపం చేసినాను. నీతో చెప్పుకోవాల."

తెడ్డు ఆగింది.

"తినేటప్పుడు వద్దు నాయనా. తిన్నంక చెప్పు."

తిన్నాడు. తిన్నంక ధైర్యం చాల్లేదు.

"ఈసారి వచ్చినప్పుడు చెబుతానవ్వా."

"చెబుదువులే. నేనెక్కడికి పోతాను?"

మామిడికాయల కాలమొచ్చింది. ఫ్యాక్టరీ పనిలో పడి కొన్నాళ్లు రాలేకపోయినాడు.

వచ్చేసరికి కొట్టు మూసుండాది. గోడ కాడ పదిమంది నిలబడుండారు. గోడ మింద ఆకు, ఆకులో ముద్ద.

"అవ్వ పోయింది సామీ. దినాలు చేస్తా ఉండాం," అన్నాడు మునిప్రసాద్. "కాకి ముట్టడం లేదు. తీరని కోరికేదో ఉండిపోయింది."

ఆదికేశవులు చెప్పులు విడిచి గోడ కాడికి పోయినాడు.

"అవ్వకు ఎవురూ లేరా?"

"ఆమెది సత్యవేడు. ఒక్కడే కొడుకు, బాలాజీ. పాకాల తోపులో కరెంటు కొట్టి పోయినాడు. 'ఫ్యూజు పీకి నమ్మినోడి చేతికిచ్చిగానీ నా బిడ్డ మోటారు ముట్టడు' అని ఒకటే మాట అనేది. అతనికి ఆమె పెట్టిన ముద్దా కాకి ముట్టలేదు. ముట్టేదాకా ఊరికి పోనని ఈడే ఉండిపోయింది."

ఆదికేశవులు గోడ పట్టుకున్నాడు. ఆ ముద్ద తీసి, మళ్లీ తానే పెట్టినాడు.

కరెంటు తీగ మింద కాకి చూస్తా ఉండాది గానీ దిగలేదు.

జనమంతా ఆయన మొహాన్నే చూస్తా ఉండారు.

"అవ్వా!" అన్నాడు అందరికీ వినపడేట్టు. "ఆ ఫ్యూజు మళ్లీ పెట్టింది నేనే. నీ కొడుకును చంపింది నేనే. స్టేషన్లో కూడా ఇదే చెబుతాను."

కాకి దిగింది. ముద్ద ఎత్తుకుంది.

ఎన్నేండ్లకో గుండె నిండా ఊపిరి తీసుకున్నాడు ఆదికేశవులు. కూలబడి ఏడ్చినాడు.

మునిప్రసాద్ వచ్చి పక్కన కూచున్నాడు.

"అవ్వకు తెలుసు సామీ. మీరొచ్చిన మొదటి పొద్దే, మీ చేతి ముద్ద కాకి ఎత్తుకుపోయినాక నాతో అనింది, 'నా కొడుకును చంపినోడు వచ్చినాడు రా, కడుపుకు తిని ఎన్నేండ్లయ్యిందో ఏమో, రేపట్నుంచి వానికని ఇంకో గిద్దెడు రాగిపిండి ఎక్కువ పోయాల' అని."