కడిగిన పిల్ల

ఆఫీసు పనులన్నీ యంత్రాలు చేసుకుపోతుంటే, బ్యాంకు గుమాస్తా మాధవరావుకు ప్రభుత్వం నలభై గొర్రెలిచ్చి సోలార్ పలకల కింద మేపుకోమంది. వాటి మెడలకు కట్టిన మాట్లాడే యంత్రాలు, ఆ మెడపట్టీలే వాటిని తోలుకుపోతాయి. అతను ఏ దిగులూ, ఏ సంతోషమూ లేకుండా వెనక నడుస్తాడు.

ఆ ఉదయం ఒక గొర్రె ఈనింది. పిల్ల ఒళ్లంతా జిగురుగా ఉందని సబ్బుతో శుభ్రంగా కడిగి తల్లి దగ్గర వదిలాడు. తల్లి వాసన చూసి తలతో కుమ్మేసింది. పిల్ల మళ్లీ వెళ్లింది, తల్లి మళ్లీ కుమ్మింది. “తల్లి క్షేమం” అని మెడపట్టీ పలికింది.

పక్క మంద కాసే ఈరక్క వచ్చి పిల్లను మూచూసింది.

“కడిగేదానికి ఇది పిల్లనా, గిన్నెనా సామీ? వాసన పోతే తల్లి ఎట్ల గుర్తుపడుతుంది?”

“ఇప్పుడెట్లా అక్కా?”

“దాని పాలే పిండి పిల్లకు పూయి. పొద్దు నడినెత్తికొచ్చే లోపల తాగకపోతే బతకదు.”

ఈరక్క గొర్రెను పట్టుకుంటే, అతను చేతకాక చేతకాక నాలుగు చుక్కలు పిండి, పిల్ల వీపుకు రాసి, అరచేయి అక్కడే ఉంచాడు. తల్లి ముందు ఆ చేతిని నాకింది. తర్వాత వీపును నాకింది. పిల్ల పొదుగు అందుకుని తోకాడించింది.

“కుదిరింది. ఇంక చెయ్యి తీయి సామీ.”

“ఇంకొంచెంసేపు నాకనీ అక్కా” అన్నాడు మాధవరావు.