ఎనిమిదో భాగానికి సంగీతం

స్పీకర్లలోంచి వస్తున్న ట్యూన్ అతనిది కాదు.

అతను పంపినది గోడలో నీళ్ళ గొట్టం కొట్టుకునే చప్పుడుతో మొదలవుతుంది. టక్. కాస్త ఆగి, టక్ టక్. వంటింటి గోడకు మైకు ఆనించి రికార్డు చేశాడు. "అంతరిక్షంలో కూడా మన కుళాయేనా? పోనీ, అక్కడికైనా ప్లంబరు వస్తాడేమో చూడండి" అని భార్య నవ్వింది.

ఇది ఒక ఆడగొంతు. మాటల్లేవు. చీకట్లో నిలబడి ఎవరినో పిలుస్తున్నట్టుంది. తెర మీద దారి తప్పిన వ్యోమనౌక మెల్లగా తిరుగుతోంది.

ఏం జరిగిందో అప్పుడు తట్టింది. మూడో నంబరు మనిషి ఇంకా రాలేదని, నాలుగో నంబరైన తనను ముందు పిలిచారు. ఆ సంగతి అద్దం వెనక కూర్చున్న సౌండ్ ఇంజనీరుకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇంజనీరు వరుసలో ఉన్న మూడో ట్యూన్ వేశాడు. సిఫారసులకు చోటివ్వకూడదని పేర్లు లేకుండా నంబర్లతోనే ఎంపిక నడిపిస్తున్నారు. ఎదురుగా సోఫాలో ఉన్న ముగ్గురికీ ఏది ఎవరిదో తెలియదు.

సార్, ఇది నాది కాదు. నాలుగు మాటలు. నోరు తెరిచాడు.

దర్శకుడు ఫోను పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నిర్మాత కాలు ఊపడం మానింది. పెద్దాయన, ఈ సినిమా ఏడు భాగాలకూ సంగీతం ఇచ్చి ఇప్పుడు చేతుల వణుకు వల్ల తప్పుకుంటున్న మనిషి, ముందుకు వంగి వింటున్నాడు.

అతను నోరు మూసుకున్నాడు. అయ్యాక చెబుదాంలే అనుకున్నాడు. నిజానికి అతన్ని ఆపింది ఆ గొంతే. దీని పక్కన తన గొట్టం చప్పుడు ఊహించుకుంటే చెవులు వేడెక్కాయి. పన్నెండేళ్ళుగా సబ్బులకూ బిస్కెట్లకూ ఇరవై సెకన్ల ప్రకటన ముక్కలు కట్టినవాడికి అంతకంటే ఏం వస్తుంది? ఇక్కడ కాదంటే రేపు మళ్ళీ సబ్బే.

గొంతు ఉన్నట్టుండి తెగిపోయింది.

"మధ్యలో తుంచేశావేం బాబూ?" అన్నాడు పెద్దాయన.

ఇప్పుడైనా చెప్పొచ్చు.

"అవతల వినేవాళ్ళెవరూ లేరని ఆమెకి తెలిసిపోయిందండీ" అంది అతని నోరు.

"అప్పుడా తెలిసింది?"

"ముందే తెలుసండీ. ఒప్పుకోడానికి అంతసేపు పట్టింది."

పెద్దాయన అతన్ని చాలాసేపు చూశాడు. నిర్మాత నవ్వింది. "ఏమయ్యా, సంగీతం మానేసి మాకు డైలాగులు రాసిపెట్టకూడదూ?"

"బయట కూర్చోండి" అన్నాడు దర్శకుడు. "ఇంకొకరు మిగిలారు. విని చెప్పేస్తాం. పెద్దగా అనుమానం లేదనుకోండి."

వరండాలో బల్ల మీద కూర్చున్నాక గానీ చొక్కా వీపుకు అంటుకుపోయిందని తెలియలేదు. అంతలో మెట్ల మీంచి ఒక అమ్మాయి హెల్మెట్ చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అన్నా, మూడో నంబరు దాటేశారా? బండి దారిలో మొరాయించింది."

"లేదమ్మా. ఇప్పుడు నీదే."

"హమ్మయ్య. మీదెలా వచ్చింది?"

"ఏమో."

"నాదైతే మా అమ్మే సగంలో లేచి వెళ్ళిపోయింది. పాడింది కూడా ఆవిడే, చూడండి నా ఖర్మ." నవ్వి, జుట్టు సర్దుకుని లోపలికి వెళ్ళింది.

మెత్త వేసిన తలుపు మూసుకుంది. ఇక చప్పుడు లేదు.

ఇప్పుడు తన ట్యూన్ వేస్తుంటారు. మొదటి టక్కుకే ఆ పిల్ల "ఇది నాది కాదు" అంటుంది. ఇంజనీరు కాగితం తిప్పి చూసుకుంటాడు. తనను పిలుస్తారు. ఆమెకి తెలిసిపోయిందన్నావు కదా బాబూ, ఎవరామె, అంటాడు పెద్దాయన. లేచి వెళ్ళిపోదామా? వెళ్తే ఒప్పుకున్నట్టే. కూర్చుంటే? కూర్చున్నాడు. ఫోను మోగి ఆగింది. 'ఏమైంది?' అని భార్య. 'అయిపోయింది' అని కొట్టాడు. చెరిపేశాడు.

తలుపు తెరుచుకుంది. అమ్మాయి హెల్మెట్ గుండెలకు అదుముకుని బయటికొచ్చింది. అతనివైపు చూడలేదు.

"ఏమన్నావమ్మా లోపల?"

"నేనేం అనలేదన్నా."

"అసలేం అనలేదా?"

"అందామనే అనుకున్నా. నోరు రాలేదు." హెల్మెట్ పట్టీని వేలికి చుడుతోంది, విప్పుతోంది.

అతని భుజాలు దిగాయి. పాపం, బెదిరిపోయింది. తన చెత్తకు ఈ పిల్ల తిట్లు తిని వచ్చింది. తనకు పని దొరికాక దీన్ని సహాయకురాలిగా పెట్టుకోవాలి. వాళ్ళమ్మ చేత కూడా పాడించాలి. అలా అనుకోగానే మనసు కాస్త తేలికపడింది.

దర్శకుడు స్వయంగా బయటికొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమీ అనుకోకండి. మీది చాలా బాగుంది. ఈ అమ్మాయిది వినకపోయుంటే మీరే."

"ఈ అమ్మాయిదా?"

అమ్మాయి తల ఇంకా కిందికి దించుకుంది.

దర్శకుడి వెనక తలుపు తెరిచే ఉంది. లోపల పెద్దాయన, "ఏదీ, అది ఇంకోసారి వెయ్యి నాయనా" అంటున్నాడు.

టక్. కాస్త ఆగి, టక్ టక్.