గోడవతల సినిమా

సినిమా పేజీ రాసే అన్నయ్యగారికి,

తప్పులు మన్నించండి. ఐదో తరగతితో బడి మానేశాను. నా అక్షరాలు కోడి గీకినట్టుంటాయి. మీ పేజీ మాత్రం కూడబలుక్కుని ప్రతివారం చదువుతాను.

మా ఆయన సినిమా హాల్లో ఆపరేటరు. తెర వెనక గోడకు ఆనుకునే మా గది. నేను ఒక్క సినిమా చూడలేదు కానీ అన్నీ విన్నాను. మామూలు సినిమాలంటే నాకు ఇష్టం. ఎవరు కొట్టారో, ఎవరు ఏడ్చారో గోడ ఇవతల కూర్చున్నా తెలిసిపోతుంది.

పోయిన వారం మీరు మెచ్చుకున్న ఆర్టు సినిమా వచ్చింది. మాటల్లేవు. కుళాయి నీళ్లు, గిన్నెల చప్పుడు, ఒకామె దగ్గు. అది మా గదిలోదే అనుకుని రెండుసార్లు లేచి కుళాయి చూసుకున్నాను. చివర్లో గడియ తీసిన చప్పుడు, దూరమయ్యే అడుగులు. రోజుకు నాలుగాటలు, ప్రతిసారీ ఆవిడ వెళ్లిపోయింది.

"గిన్నెలు తోమడం చూడ్డానికి టిక్కెట్టెందుకే? నువ్వు ఊరికే చూపిస్తున్నావుగా!" అని మా ఆయన నవ్వాడు.

"ఆవిడ మళ్లీ ఇంటికొచ్చిందా అండీ?" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "నీకెందుకు?"

ఆటకు వెళ్తూ బయట గొళ్లెం పెట్టడం పెళ్లయిన నాటి నుంచీ ఉన్నదే. ఆ మర్నాటి నుంచి తాళం కూడా వేస్తున్నాడు. తలుపు పక్క కిటికీలోంచి చేయి చాపితే ఆ తాళం అందుతుంది. మొన్న ఆయన చొక్కా ఉతుకుతుంటే జేబులో దాని రెండో తాళంచెవి దొరికింది.

ఆవిడ తిరిగొచ్చిందో లేదో వచ్చే వారం మీ పేజీలో రాయండి. పత్రిక ఆయనే తెస్తాడు. ఈ కార్డు మాత్రం చదవగానే కాల్చేయండి.