శిఖరం మీది అడుగులు

అమీర్‌పేట ఆఫీసు నాలుగో అంతస్తులో జీవమణి ఒక్కతే ఉంది. ఎక్కడో సముద్రం నడుమ దీవి మీదున్న అగ్నిపర్వతం కంపనాలను తెరపై చూస్తూ, భూకంపాల నమోదులను ఉంచి, మనుషుల అడుగుల అదురును చెరిపేయడం ఆమె రాత్రి డ్యూటీ. మూడు రాత్రులుగా అడుగులే ఎక్కువ.

విసుగొచ్చి సూపర్‌వైజర్ మోసెస్‌కు ఫోన్ చేసింది. "అన్నా, గా కొండ మీద గంతమంది ఏం చేస్తున్నరు?"

"మనుషులేడున్నరు చెల్లె? పోయినసారి పేలినప్పుడే దీవి మొత్తం కాలిపోయింది. ఒక్కరు సుత మిగలలే."

తెరపై అడుగులు పరుగందుకున్నాయి. చెరిపేసింది. మళ్లీ వచ్చాయి. ఈసారి తెర మీద కాదు, మెట్ల మీద. కిటికీ అద్దాలు భళ్లున పగిలి గదిలోకి వేడి బూడిద కొట్టింది. వందల చేతులు తలుపును బాదుతున్నాయి.

జీవమణి వేలు ఇంకా డిలీట్ నొక్కుతూనే ఉంది. ఎర్రగా కాలిన ఇనుప గడియ మెల్లగా వంగింది.