ఇటుక ముఖం

"కర్రల కొంపలోకి కాపురానికి రాను" అని తాను పెళ్లాడాలనుకున్న టాబితా తెగేసి చెప్పడంతో, లడ్లో ఊళ్లో చేతితొడుగులు కుట్టే జెత్రో తన పాత కర్ర ఇంటికి ముందువైపు ఇటుక గోడ కట్టించాడు.

టాబితా వచ్చి వీధిలో నిలబడింది. "మేడ కిటికీలోంచి కనబడవయ్యా!"

లోపల మేడమీది పాత నేల ఎత్తులో ఉంది, కొత్త గోడలో కిటికీ దిగువకు వచ్చింది. అందుకని వీధిలోకి జెత్రో బూట్లు, మోకాళ్లే కనిపించాయి.

"నిటారుగా నిలబడు!"

"నిలబడే ఉన్నాను మహాతల్లీ!"

"మరి మొహమేదీ? ఆ గోడ పడగొట్టి మళ్లీ కట్టించు!"

జెత్రో మోకాళ్లమీద కూర్చుని, బాగా వంగి కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అన్నాడు. పెళ్లికి అడుగుతున్నాడనుకుని వీధంతా చప్పట్లు కొట్టింది. టాబితా సిగ్గుపడిపోయి, "సరేలే, లేవయ్యా!" అంది.

"నీకో దండం, నాకీ పెళ్లి వద్దు" అన్న జెత్రో మాట ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.